పది సంతకాల పిలార్

పిలార్‌కు ఉన్నది ఒక్కటే పిచ్చి. కొత్త ఇంగ్లీషు మాట నేర్చుకుంటే సాయంత్రంలోగా దాన్ని పదిమంది మీద ప్రయోగించాలి. విన్న ప్రతివాళ్లూ ఆవిడ నోటుబుక్కులో సాక్షి సంతకం పెట్టాలి. తొమ్మిదే వస్తే ఆ మాట వచ్చినట్టు కాదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఆవిడది స్పెయిన్. మస్కట్‌లో, అజైబాలోని మా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. నేను అదే విభాగంలో నర్సుని, పేరు ఫేబా, మాది రేపల్లె. పిలార్ పనిమంతురాలు, అందులో వంక పెట్టడానికి లేదు. ఇంగ్లీషు మాత్రం పుస్తకాల ఇంగ్లీషు. క్యాంటీన్‌లో డాక్టర్లు ఏదో పలుకుబడి వాడి నవ్వుకుంటే, ఎందుకో తెలియక తనూ నవ్వేది. చివరికి అది భరించలేక నోటుబుక్కు కొంది, మా ప్రాణం మీదికొచ్చింది.

మొదటి మాట 'పీస్ ఆఫ్ కేక్'. చాలా తేలికైన పని అని అర్థం. తొమ్మిదిమంది దొరికారు, పదోవాడు దొరకలేదు. ఆవిడ పార్కింగులోకి వెళ్లి, కారు వెనక్కి తీస్తున్న ఒక పెద్దమనిషిని ఆపి, "మీకిది పీస్ ఆఫ్ కేక్" అని ధైర్యం చెప్పి సంతకం తీసుకుంది. ఆ కంగారులో ఆయన కారును గోడకు రాసేశాడు.

ఇంకో రోజు మాట 'బ్రేక్ ఎ లెగ్'. కాలు విరగ్గొట్టుకో అని అంటే శుభం కలగాలని దీవించడమట! మా విభాగంలో సగం మంది రోగులు కాళ్లు విరిగి వచ్చినవాళ్లే. ఆ రోజు పిలార్ దీవెనలకు క్షమాపణలు చెప్పుకుంటూ తిరగడమే నా డ్యూటీ అయింది.

వాన దంచికొడుతుంటే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటారని ఎవరో నేర్పారు. వాన పడనిదే అనకూడదని ఆవిడ నియమం. మస్కట్‌లో వాన ఎక్కడిది? ఐదు నెలలు ఆకాశం చూసింది. ఒక పొద్దున పది నిమిషాలు కురిస్తే వీధిలోకి పరుగెత్తి, తడిసి ముద్దయి, ఏడు సంతకాలతో వచ్చింది. మూడు తగ్గాయని ఆ పూట భోజనం చెయ్యలేదు.

ఆ రోజుల్లోనే బాబు మియా వచ్చాడు. కడప మనిషి, హమ్రియాలో టైలరు. ఒమానీలు తొడుక్కునే పొడుగు దిష్‌దాషాలు కత్తిరించడంలో పాతికేళ్ల చెయ్యి. పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. యజమాని రెండు నెలలు గడువిచ్చాడు. ఈలోగా కత్తెర పట్టలేకపోతే వీసా క్యాన్సిల్. ఊళ్లో భార్య అక్తరీ బేగంకు ఈ సంగతి ఆయన చెప్పనే లేదు.

వ్యాయామానికి పిలార్ రబ్బరు బంతి ఇస్తే గోడకేసి కొట్టాడు.

"మనవళ్లున్నోణ్ని పట్టుకొని బంతాట ఆడమంటారేందమ్మా?"

"నొక్కితేనే కదా బాబాయ్ చెయ్యి వచ్చేది?" అన్నాను నేను.

"రాకుంటే మానె. కడపకు పోతా."

మర్నాడు పిలార్ నోటుబుక్కుతో ఆయన మంచం దగ్గరికి వెళ్లింది. ఆ రోజు మాట 'అండర్ ది వెదర్'. ఒంట్లో బాగోలేదని చెప్పడానికి వాడతారు. ఆ మాట ఆయనకు అప్పజెప్పి పెన్ను చేతికిచ్చింది. ఎడమ చేత్తో పెట్టబోతే పుస్తకం లాక్కుంది.

"పాస్‌పోర్టులో ఉన్న సంతకమే కావాలి."

నాకు ఒళ్లు మండింది. "నీకు మనసుందా? పెన్ను పట్టలేని మనిషిని పట్టుకుని ఏడిపిస్తావా?" అన్నాను.

"పదోవాడు ఆయనే, ఫేబా. పదంటే పదే."

బాబు మియా పావుగంట తంటాలు పడి ఒక వానపామును గీశాడు. ఆవిడ థ్యాంక్యూ చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ అదే వరస. చూడలేక ఒకరోజు ఆయన సంతకం నేనే గిలికేశాను. పిలార్ పట్టేసి ఆ పేజీ మొత్తం చింపేసింది. మిగతా తొమ్మిదిమందీ మళ్లీ సంతకాలు పెడుతూ నన్ను తిట్టుకున్నారు.

విచిత్రమేమిటంటే, బాబు మియాకు కోపం రాలేదు.

"పాపం, చదువుకునే మనిషి. మనం పెట్టకుంటే పాసు గాదంట" అని మందుల కవర్ల మీద సాధన కూడా మొదలెట్టాడు.

గడువు రోజున యజమాని బట్ట, పెద్ద కత్తెర పట్టుకుని ఆసుపత్రికే వచ్చాడు. బాబు మియా సుద్దతో గీతలు గీసి కత్తెర అందుకున్నాడు. రెండుసార్లు మధ్యలో ఆగింది. పిలార్ గోడవైపు తిరిగి నిలబడింది. మూడోసారి కత్తెర చివరిదాకా నడిచింది. యజమాని అంచు పైకెత్తి చూశాడు.

"ఆదివారం డ్యూటీకి రా. నెల రోజులు పిల్లల బట్టలే కొయ్యి."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిలార్ దగ్గరికి పరుగెత్తితే ఆవిడ నోటుబుక్కు తెరిచి కూర్చుంది. బాబు మియా సంతకాల పక్కన మాత్రమే చిన్న అంకెలున్నాయి. పదిహేను నిమిషాలు, పదకొండు, ఆరు, రెండు.

"ఇదా సంగతి! మరి ఇన్నాళ్లూ మమ్మల్నెందుకు చంపావు?"

"మొదట ఇంగ్లీషు కోసమే. ఆయన బంతి విసిరేశాక పుస్తకానికి ఇంకో పని దొరికింది. తన కోసమైతే చెయ్యడు కానీ, ఎవరైనా సాయం అడిగితే కాదనలేడు. అందరూ పెడుతుంటే సిగ్గూ ఉండదు."

ఆవిడను మనసు లేనిదని తిట్టినందుకు సిగ్గుపడ్డాను. బాబు మియాకు మందులిచ్చే వంకతో గేటు దాకా వెళ్లాను. టాక్సీ కోసం నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ సంతకాల సంగతేమిటంటే..."

"తెలుసులేమ్మా. మూడో వారంలోనే కనిపెట్నా."

"తెలిసీ పెట్టావా? నిజం చెప్పేసి బంతే నొక్కొచ్చుగా?"

"నేను బంతి నొక్కుకుంటా కూచుంటే ఆ యమ్మకు పదో సంతకం ఎవరు పెడతారు? ఇంగ్లీషు ఆగిపోదా? పాపం, దేశంగాని దేశమొచ్చింది. నాకు తెలుసని మాత్రం చెప్పొద్దు, చిన్నబుచ్చుకుంటాది."

నేను ఇంతవరకూ చెప్పలేదు.