రాకాసిని ఎత్తేసిన కంపెనీ

ఆ పుస్తకం మాకు మంచం కింద దొరికింది.

తిరుచానూరులో మా మేనత్త చిన్న లాడ్జీ నడుపుతుంది. గది ఖాళీ చేసి వెళ్లేవాళ్లు ఏదో ఒకటి మరిచిపోవడం అక్కడ మామూలే. దువ్వెనలు, చార్జర్లు, గుండు కొట్టించుకున్నాక ఇక దేనికిలే అనుకున్న షాంపూ సీసాలు. అత్త దేన్నీ పారేయదు. దర్శనానికి వచ్చినవాళ్ల సొమ్ము మనకెందుకని అన్నీ బీరువాలో దాచి ఉంచుతుంది. అలా ఒకసారి అట్టమీద డ్రాగన్ బొమ్మ ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, దాంతోపాటు గుడ్డసంచిలో రంగురంగుల పాచికలు బీరువాకెక్కాయి. వాటి కోసం ఎవరూ రాలేదు. నేనేమో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను. ఎంత సన్నటి అక్షరాలున్నా చివరిదాకా చదవడమే నా ఉద్యోగం. ఆ పుస్తకాన్నీ వదల్లేదు.

అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో ఒక్కో పాత్ర అవుతారు. ఎదురుగా గుహ ఉందని నేనంటాను. లోపలికి పోతావో పారిపోతావో నువ్వు చెప్పాలి. పోయిన పని అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఇత్తడి దాయాలు దొర్లించిన అత్త, ఇరవై మొహాల పాచికను వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, నేరేడుపండుకు అంకెలు వేసినట్టుందని నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం గదులన్నీ నిండి, కౌంటరు దగ్గర "లేవు" అనే ఒక్క మాటే మిగిలినప్పుడు, ఆ మాట చెప్పే పని గుమాస్తాకు అప్పగించి మేడమీద నీళ్లట్యాంకు పక్క గదిలో కూర్చునేవాళ్లం. కథ నడిపేది నేను. మా ఆయన గుర్రమెక్కిన వీరుడు. ప్రమాదం కనిపిస్తే చాలు, గుర్రానికి దాహమేస్తోందంటాడు. పలమనేరు పాలడెయిరీలో పనిచేసే ఆయన స్నేహితుడు, నేను అన్నా అని పిలిచే మనిషి, మాంత్రికుడు. వేసవిలో భారతం నాటకాల్లో వేషం కట్టే అలవాటు కాబట్టి, చిన్న దీపం వెలిగించే మంత్రానికి కూడా రాగం తీస్తాడు. అత్త మాత్రం బొమ్మలన్నీ చూసి, రెండు కోరలున్న, సగం మనిషీ సగం రాకాసీ అయిన బొమ్మ మీద వేలు పెట్టింది.

ఆ రాకాసి మాటలన్నీ లాడ్జీ మాటలే. ఒకసారి గుహలో డ్రాగన్ ఎదురైతే కత్తి దూయలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఎప్పుడు దిగావు, ఇరవైనాలుగు గంటలు దాటితే ఇంకో రోజు కింద లెక్క అని గర్జించింది. పాచిక వేస్తే ఇరవై పడింది. డ్రాగన్ గుహ ఖాళీ చేసి పోయింది. ఆ రోజు మేం నవ్విన నవ్వుకు కింది గదుల వాళ్లు తలుపులు తీసి చూశారు.

ఇక ఆ ఆటను అచ్చువేసే కంపెనీ సంగతి. అది ఎక్కడో సముద్రాల అవతల ఉంది. దాని మీద నాకున్న కోపం మా ఆఫీసు సర్వర్ మీద కూడా లేదు. కొన్నేళ్లకోసారి పాత పుస్తకాన్నే బొమ్మలు మార్చి, పేజీలు అటూ ఇటూ చేసి, ఇదే అసలైనది అంటుంది. అభిమానులు సొంతంగా రాసుకున్న కథల మీదా తనకు హక్కుందంటుంది. అందరూ మీద పడితే, మీ మాట విన్నాం అంటూ ఒక సర్వే పంపుతుంది. గిల్లి జోలపాడటం అంటే ఇదే. నేను ప్రతి సర్వే ఓపిగ్గా నింపి, చివర్లో ఉండే ఖాళీలో చోటు అయిపోయేదాకా తిట్టేదాన్ని. ఇంత తిడుతూ కూడా వదలడం లేదంటే అది నీ పుట్టిల్లే అయ్యుండాలని మా ఆయన ఏడిపించేవాడు.

ఆయనది కొత్తొక వింత, పాతొక రోత రకం. కంపెనీ కొత్త పుస్తకం తెచ్చిందని తెలియగానే తెప్పించాడు. మా పాత్రలన్నిటినీ వాళ్ల యాప్‌లోకి ఎక్కించాడు. ఒక ఆదివారం యాప్ తెరిస్తే వీరుడూ మాంత్రికుడూ క్షేమంగానే ఉన్నారు. అత్త పాత్ర దగ్గర మాత్రం, ఈ జాతి ఇప్పుడు లేదు, వేరొకటి ఎంచుకోండి అని వచ్చింది. సగం రాకాసులను కొత్త పుస్తకంలోంచి ఎత్తేశారట. మనిషిగా మార్చేస్తాను, బలమేమీ తగ్గదని మా ఆయన సర్దిచెప్పబోయాడు.

"మనిషిగా ఉండేదానికి మేడెక్కి రావాలా అల్లుడా? కింద పొద్దస్తమానం అదే కదా నేను సేసేది" అని అత్త పాచికలు సంచిలో వేసి దిగిపోయింది.

తరువాతి ఆదివారం రద్దీగా ఉందంది. ఆ పై వారం నీళ్ల ట్యాంకరు రావాలంది. నాకు అర్థమైంది. గది చిన్నదన్నవాడికీ, వేడినీళ్లు రాలేదన్నవాడికీ రోజంతా చేతులు జోడించి, సరే సామీ అని చెప్పే మనిషి ఆమె. గొంతెత్తేది ఆ మేడమీద ఒక్కచోటే. ఆట ఆగిపోతుందన్న బాధ కంటే, ఆ గర్జన మళ్లీ వినపడదేమో అన్న దిగులే నన్ను ఎక్కువ తొలిచింది.

కంపెనీకి రాశాను. మర్యాదగా మొదలుపెట్టి, మర్యాద లేకుండా ముగించాను. క్షణంలో జవాబు వచ్చింది. మీ ఉత్సాహానికి ధన్యవాదాలు, మీకు దగ్గర్లోని దుకాణంలో మా కొత్త పుస్తకం చూడండి అని. మాకు దగ్గర్లో ఉన్నవి పూలదుకాణాలు. ఒళ్లు మండి అత్త దగ్గరికి వెళ్లి, మన పాత పుస్తకం బీరువాలోనే ఉంది కదా, దాన్ని బట్టే ఆడదాం అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "గది వోళ్లది పాపా. సొంతదారు ఖాళీ సెయ్యమన్నాక సెయ్యాల. మన లాడ్జీలో మనం సెప్పేది అదే కదా" అంది. జీవితమంతా గదులు అద్దెకిచ్చిన మనిషితో నేనేం వాదిస్తాను?

వేసవి వచ్చింది. పలమనేరు పక్క పల్లెలో, ధర్మరాజుల గుడి ముందు భారతం నాటకాల చివరి రోజు, దుర్యోధన వధ. అన్నకు దుర్యోధనుడి వేషం. అత్తను బతిమాలి తీసుకెళ్లాం. మైదానం నిండా మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు రంగులు పూసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ మట్టి ఒంటి మీదే అన్న పరుగు, వెనకాల గదతో భీముడు. పొద్దునే ఎండ చురుక్కుమంటోంది. తొడ మీద దెబ్బ పడే ముందు అన్న ఆగాడు. కిరీటం సర్దుకుని, జనంలో ఉన్న మా అత్త వైపు గద చూపించాడు.

"నడుము కింద కొట్టగూడదని రూలు. ఆట మజ్జిలో రూలు మార్సిందెవురు? ఈ ధర్మం యాడిది? తిరుచానూరు అత్తా, నువ్వన్నా అడుగు."

జనం గొల్లుమన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా భీముడు కొట్టనే కొట్టాడు.

నాటకం అయ్యాక, రంగు తుడుచుకుంటున్న అన్నను అత్త నిలదీసింది. పోయిన సంవత్సరం ఈ మాట లేదు కదా, ఎవరిని అడిగి కలిపావని.

"ఎవుర్ని అడగాల అత్తా? నాకు తోసింది, అన్నాను. బాగుంటే వొచ్చే యేడూ ఉంటాది. పక్కూరోళ్లది ఇంకో మాదిరి. దీనికి సొంతదారు యాడుండాడు? ఆడేవోళ్లదీ, సూసేవోళ్లదీ."

దుర్యోధనుడి మట్టి బియ్యంలో వేస్తే గింజ తరగదని అందరూ ఎగబడి తీసుకుంటుంటే, అత్త కూడా ఒక పిడికెడు తీసి కొంగున కట్టుకుంది. అది బియ్యం డబ్బాకే అనుకున్నాను.

ఆ ఆదివారం పెద్దగా ఆశ లేకుండానే మేడమీద బల్ల తుడుస్తున్నాను. మెట్ల మీద అత్త అడుగులు వినిపించాయి. వచ్చి బల్ల మధ్యలో బొటనవేలంత మట్టిబొమ్మ పెట్టింది. వెడల్పు భుజాలు, నడుం మీద చేతులు. కోరల చోట రెండు బియ్యపు గింజలు గుచ్చి ఉన్నాయి.

"నేను ఖాళీ సెయ్యడం లేదు" అంది.

మా ఆయన ఫోను జేబులో పెట్టి, బీరువాలోంచి పాత పుస్తకం తెచ్చాడు. నేను కథ ఎక్కడ ఆగిందో అక్కడే అందుకున్నాను. దారికి అడ్డంగా కోట, కోట తలుపు మూసి ఉంది. అత్త లేచి నిలబడి, ఇన్ని వారాల బాకీ తీరేలా గర్జించింది. ట్యాంకు మీది పావురాలు లేచిపోయాయి.

మెట్లెక్కి పరుగున వచ్చారెవరో. కింది గదిలో దిగిన పెద్దాయన, కొత్త గుండుకు రాసిన గంధం ఇంకా ఆరలేదు. ఆయన వెనకాల ముగ్గురు, వాళ్లవీ గుండ్లే. ఏమైందోనని కంగారుగా చూస్తున్నారు. అత్త రాకాసి గొంతు మార్చకుండానే, "ఎంతమంది?" అని గద్దించింది.

పెద్దాయన రెండు చేతులూ జోడించి, "నలుగురమమ్మా" అన్నాడు.

అత్త ఒక్క క్షణం ఆ జోడించిన చేతుల వైపు చూసింది. తరువాత పాచిక తీసి వాటిలో పెట్టి, "అయితే కూర్సోండి" అంది.