ఎల్లవ్వక్క కోసం మూడు మెట్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పే కథల్లో దోమ ఏనుగంత ఉంటుంది. మీకు వీలైనంత తగ్గించుకుని చదువుకోండి. మొన్న అడాజన్‌లో మా పై ఫ్లాటు పిల్ల కీబోర్డు సాధన చేస్తూ ఏ మీట నొక్కిందో గానీ, సన్నగా సాగుతున్న పాట హఠాత్తుగా దున్నపోతు గొంతులో పడింది. నా చేతిలో చాయ్ కప్పు వణికింది. తాపీ నది మీద వంతెన కూడా కాస్త వణికిందనే నా అనుమానం. మరుక్షణం నేను ఏళ్ల కిందటి నవాగామ్‌లో, పొట్టకూటికి వచ్చిన మా తెలుగు నేతపనివాళ్ల వాడలో, రాజేశం మామ పక్కన కూర్చుని ఉన్నాను.

రాజేశం మామ ఉధ్నాలో మరమగ్గాలు బాగుచేసేవాడు. చుట్టం కాడు, మా వాడకట్టు మొత్తానికీ మామ. మగ్గాల హోరుకు అలవాటుపడ్డ ఆ గొంతుతో మామూలుగా మాట్లాడినా బరోడాలో కుక్కలు మొరిగేవి. నాకు కీబోర్డు నేర్పింది ఆయనే. పాడేవాళ్లను ఏనాడూ శ్రుతి అడగలేదు. "పాడకు. మగ్గాల కాడ పక్క మనిషిని ఎట్ల పిలుస్తవో గట్ల పిలువు" అనేవాడు. ఆ పిలుపులోంచే శ్రుతి పట్టేవాడు.

ఒక బతుకమ్మ సాయంత్రం. మా ఆడవాళ్లలో పాట ఎత్తేది ఎల్లవ్వక్క. ఆ ఏడాదే గొంతుకు ఆపరేషనై లేచింది. ఆమె పాడలేకపోతే డీజే పెట్టేద్దామని కుర్రకారు స్పీకర్లు దించి సిద్ధంగా ఉన్నారు. ఒక్కసారి డీజే వస్తే మళ్లీ పాట రాదని ఆమెకు తెలుసు. నేను కీబోర్డు మీద పాత శ్రుతిలోనే మొదలుపెట్టాను. పైచరణం దగ్గర ఆమె గొంతు చీలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయిపాయె తమ్మీ. పెట్టుకోమను వాళ్ల డీజే."

కంగారులో, స్థాయి మొత్తం దించేసే ఆక్టేవ్ మీట నొక్కాను. కుడిచేతి రాగం పాతాళానికి పోయింది, ఎడమచేతితో మూడు స్వరాలు కలిపి పట్టిన కార్డు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

"ఏందిరా గది? మెట్లు దిగుతనంటె మిద్దె మీదికెల్లి నూకినట్టు! ట్రాన్స్‌పోజ్ నొక్కు. రాగం, కార్డు రెండూ కలిసి దిగాలె" అని మామ ఆమె వైపు తిరిగాడు. "ఎల్లవ్వా, నీ ఆడబిడ్డను పిలువు."

"ఎదురుంగనే ఉన్నది గదనే అన్నా!"

"జర పిలువు."

"ఓ లచ్చవ్వా!"

"మూడు మెట్లు" అన్నాడు మామ. ట్రాన్స్‌పోజ్ మీట మూడుసార్లు నొక్కాను. పాత కార్డే మోగుతోంది. మామ నా మణికట్టు మీద తట్టాడు.

"ముందు చెయ్యి లేపు. పట్టుకోని కూసుంటె పాతదే మోగుతది."

లేపాను. మళ్లీ అవే మెట్ల మీద వేళ్లు పెట్టాను. ఈసారి శ్రుతే దిగి ఆమె దగ్గరికి వచ్చింది. ఎల్లవ్వక్క కొంగు తీసింది. చప్పట్లు కలిశాయి, పైచరణం దాటింది. కుర్రకారు వైర్లు చుట్టుకున్నారు. ఉధ్నా స్టేషన్‌లో రైలు ఆగిపోయింది. మామ నా వైపు చూసి "శభాష్ బిడ్డా" అన్నాడు.

మామ ఇప్పుడు లేడు. ఇంట్లో గానీ బయట గానీ ఎవరికైనా నా మాట అందకపోతే గొంతు పెంచబోతాను. అంతలో మణికట్టు మీద ఆ దెబ్బ తెలుస్తుంది. పట్టిన పట్టు వదిలి, వాళ్లున్న మెట్టు దాకా దిగి, మళ్లీ మొదలుపెడతాను.

ఇక, కల్పించిందేమిటో చెప్పాలి. రైలు ఆగిన మాట నిజం, సిగ్నలు పడక ఆగింది. ఆ 'శభాష్' మాత్రం నా సొంతం. ఆ సాయంత్రం మామ నా వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని ఎల్లవ్వక్క పాట వింటున్నాడు.