పడుకున్నచోటి నుంచి కనిపించాలి

యాభై నాలుగో సంవత్సరం. కర్నూలు అప్పుడు రాజధాని. ఆఫీసులకు ఇళ్లు చాలక డేరాలు వేశారు. ఎండాకాలంలో ఆ డేరాల కింద కూర్చుని రాస్తుంటే చెమట చుక్కలు పడి కాగితం మీద సిరా పాకేది. ఇంజినీరింగ్ ఆఫీసులో నా పని రిక్వైర్‌మెంట్స్ రాయడం. కట్టడం ఎవరికి ఏం చేసిపెట్టాలో ముందుగా రాసివ్వాలి, డ్రాయింగులు ఆ తర్వాతే. మా మనవరాలు ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌కు ఇవే రాస్తుందట. ఆ మాట విన్నప్పుడు ఆ డేరా మీదికి మనసు పోయింది.

ఒక వాక్యంలో ఒకటే కోరిక ఉండాలి. కట్టాక అది నెరవేరిందో లేదో తేలాలి. "గాలి ధారాళంగా రావాలి" అని రాస్తే మా ఇంజినీరుగారు ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు.

"ధారాళం అంటే ఎంతయ్యా? నీ ధారాళం వేరు, మేస్త్రీ ధారాళం వేరు."

నోటి దురుసు మనిషే గాని, పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఏడే డోన్ వైపు ఒక ఆస్పత్రిలో క్షయ రోగులకు కొత్త వార్డు మంజూరైంది. పిల్లలు గడప దాటి లోపలికి రాకూడదన్నది డాక్టరుగారి మొదటి షరతు. అది రాసుకుని, రోగులనూ అడుగుదామని పాత షెడ్డులోకి వెళ్లాను. కోడుమూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఎల్లమ్మ అక్కడే మంచం పట్టి ఉంది.

"ఏమప్పా, కొత్త వార్డు రాసేది నువ్వేనా? కిటికీ కిందికి పెట్టమని రాయి."

"కిటికీ సంగతి తర్వాత చూద్దాం. అసలు నీకేం కావాలమ్మా?"

"మా మద్దిలేటి సంతనాడు వాళ్ల నాయనతో వస్తాడు. ఆ గోడకాడ నిలబడి అమ్మా అంటాడు. గొంతే ఇనపడతాది. లేసి సూడల్లంటే శాతకాదు. పండుకున్న సోటినుంచి వాన్ని సూడల్లప్పా. అంతే."

మా ఆవిడ కాన్పుకు రాయచోటి వెళ్లి అప్పటికి నెలలు గడిచాయి. సెలవు దొరక్క నేనింకా నా కూతురి ముఖం చూడలేదు.

ఎల్లమ్మ మాటనే ఒక వాక్యంగా రాశాను: మంచం మీద పడుకున్న రోగికి, బయట నిలబడ్డ ఐదేళ్ల పిల్లవాడి ముఖం కనిపించాలి.

ఇంజినీరుగారు పెన్సిలు ఎత్తారు. "ఒక్క మనిషి కోసం అన్ని కిటికీలూ మార్చాలా?"

"ఆ మంచాల మీద ఉన్నవాళ్లందరికీ బయట ఎవరో ఒకరున్నారు సార్."

"సరే, దీన్ని ఎలా పరీక్షిస్తావ్?"

"కట్టాక నేనే వెళ్లి పడుకుంటాను."

ఆయన నవ్వి పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

వార్డు పూర్తయ్యాక అన్నమాట ప్రకారం వెళ్లి పడుకున్నాను. కిటికీ కిందికే పెట్టారు, అయినా నాకు కనిపించింది ఆకాశమే. నల్లరేగడి నేల కదా, పునాది ఎత్తు లేపారు. బయట పిల్లవాడు నిలబడితే వాడి నెత్తి కూడా కిటికీకి అందదు. సంతకం పెట్టనన్నాను. మేస్త్రీ గొణుక్కుంటూనే, కిటికీకి డాక్టరుగారు చెప్పినంత ఎడంలో, పిల్లలు ఎక్కి నిలబడేలా కడపరాయి బండలతో ఒక అరుగు కట్టించాడు. మళ్లీ పడుకుని చూశాకే సంతకం పెట్టాను.

రోగులు కొత్త వార్డులోకి మారాక, నేనూ అక్కడే ఉన్న ఒక సంతరోజు మద్దిలేటి అరుగెక్కాడు. మంచం మీద ఎల్లమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"పాపిట పక్కకి తీసినారే! ఎవురు దువ్వినార్రా?"

వాడు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీలోకి చూస్తున్నాడు. "యాడుండావమ్మా? నాకు కనపడ్లేదు."

బయట మండే ఎండ, లోపల నీడ. వాడికి కిటికీ చీకటిగానే ఉంది. ఎల్లమ్మ నవ్వు ఆగిపోయింది. నర్సు వద్దంటున్నా వినకుండా మంచం పట్టె పట్టుకుని లేచింది. పక్క కిటికీలోంచి నేల మీద పడుతున్న ఎండలోకి నాలుగడుగులు వేసి నిలబడింది.

"ఇప్పుడు?"

"శానా సన్నగైనావే అమ్మా," అన్నాడు వాడు. అంటూనే ఏడ్చాడు. ఆమె మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రమే డాక్టరుగారు ఆమె మంచాన్ని ఎండ పడే చోటికి జరిపించారు.

చూడాలన్న కోరిక ఒక్కరిదే ఉండదని నాకు ఆ రోజు తెలిసింది. తర్వాత ఎన్ని కట్టడాలకు రాసినా, అవతలి మనిషి వైపు నిలబడి ఇంకో వాక్యం రాయకుండా ముగించలేదు. కొన్నాళ్లకు నన్ను కడపకు బదిలీ చేశారు. ఎల్లమ్మ కోలుకుని ఇల్లు చేరిందో లేదో తెలియదు. చేరే ఉంటుందని ఇప్పటికీ అనుకుంటుంటాను.

మద్దిలేటి అరుగెక్కిన ఆ వారమే ఇంజినీరుగారి కాళ్లావేళ్లా పడి సెలవు తీసుకుని రాయచోటి వెళ్లాను. పాపను ఒళ్లో పెట్టుకుని మా ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. "లోపలికి రాండి, ఎండలో నిలబడినారేంది?" అంది. నేను కదల్లేదు. పాప నన్ను చూస్తోంది.