కాటా మలుపులో నాలుగు సెకన్లు

ఎవరైనా దెయ్యాన్ని చూశామని చెబితే, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి అని అడగడం నా అలవాటు. అక్కడితో చాలామంది ఊరుకునేవారు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నాకిప్పుడు డెబ్బై ఆరు. అలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అనకాపల్లిలో ఒకప్పుడు ఏడాదికోసారి మోటారుసైకిళ్ళ పందెం జరిగేది. దానికంటూ వేరే ట్రాకు లేదు. ఊరి రోడ్లే ట్రాకు. బెల్లం మార్కెట్ గేటు దగ్గర బయలుదేరి, బెల్లం తూచే కాటా ముందు మలుపు తిరిగి, రైలుకట్ట పక్కనుంచి చుట్టి మళ్ళీ గేటు దగ్గరికే రావాలి. మొదట్లో బెల్లం వర్తకుల కొడుకులు సరదాకి పెట్టుకున్న పందెం అది. తరువాత దానికి ఒక కమిటీ, ఒక రికార్డు పుస్తకం వచ్చాయి.

ఆ దూరం కొలిచింది నేనే. సైకిలు చక్రం చువ్వకు ఎర్రగుడ్డ కట్టి, నడిపించుకుంటూ తిరిగి, గుడ్డ ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టాను. రెండుసార్లు తిరిగాను. రెండోసారి ఒక్క చుట్టు తేడా వచ్చింది. మూడోసారి కూడా తిరిగాను. మూడు కిలోమీటర్ల రెండువందల మీటర్లు.

పందెంలో టైము చూసేదాన్ని కూడా నేనే. పదకొండేళ్ళు చూశాను. పదకొండో ఏడు మా తమ్ముడు నూకరాజు రెండు నిమిషాల ముప్పై ఏడు సెకన్లలో చుట్టు పూర్తిచేశాడు. అంతకు ముందు రికార్డు సన్యాసిరావుది, రెండు నలభై ఒకటి. నాలుగు సెకన్లు ఒక్కసారిగా తగ్గడం ఎవరికీ మింగుడు పడలేదు.

"అప్పా, తమ్ముడు కనబడగానే నీ గడియారం ముద్దొచ్చి ఆగిపోయిందేటి?" అన్నాడు సన్యాసిరావు, అందరి ముందూ. జనం నవ్వారు. కమిటీ ఆ టైము మీద ఎర్రగీత కొట్టేసింది.

నూకరాజు గొడవ పడలేదు. "నోటితో సెప్తే నమ్మరప్పా. వొచ్చే ఏడు మళ్ళీ తీసి సూపిత్తాను" అన్నాడు. కానీ ఊళ్ళో లారీలు పెరిగాయని మరుసటి ఏడు అనుమతి ఇవ్వలేదు. ఆ తరువాత ఎప్పుడూ ఇవ్వలేదు. పందొమ్మిదేళ్ళ క్రితం నూకరాజు గుండెపోటుతో పోయాడు. నలభై రెండేళ్ళు ఆ ఎర్రగీత అలాగే ఉండిపోయింది. అందులో వాడి పేరుతోపాటు నా మాట కూడా కొట్టివేసినట్టే.

మొన్న చలికాలంలో కబురు వచ్చింది. ఆ రోడ్డుకి మధ్యలో డివైడరు కడుతున్నారు. కట్టేలోపు ఒక్క ఆదివారం, పొద్దున్న పదింటి దాకా, చివరిసారి పందెం పెట్టుకోవచ్చు. పాతకాలపు టూ-స్ట్రోక్ బళ్ళే నడపాలి. ఒక్కొక్కరుగా బయలుదేరాలి, మూడేసి చుట్లు. ఆ తరువాత గేటు దగ్గర ఒక రాయి నిలబెట్టి, రికార్డు ఎవరిదో వాళ్ళ పేరు చెక్కిస్తారు. ఇప్పుడు కమిటీ పెద్ద సన్యాసిరావే. రాయి మీద ఎక్కేదీ అతని పేరే.

నేను అతని ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. చెక్కిన రాయిని దిద్దడం కుదరదు, అందుకే ముందే వచ్చాను అన్నాను. సన్యాసిరావు గడ్డం గోక్కున్నాడు. "సరేనప్పా. అలాటి పాత బండి మీద ఎవులైనా, నా కళ్ళ ముందర, రెండు ముప్పై ఏడు తియ్యనీ. మరి నూకరాజు పేరే ఎక్కిత్తాను. తియ్యలేకపోతే మాత్రం ఇంక నువ్వు ఈ ఊసెత్తకూడదు."

ఒప్పుకున్నాను.

పందెంలో పేరిచ్చిన తొమ్మిదిమందిలో ఒక్కతే ఆడపిల్ల. పేరు గౌరి, ఇరవై మూడేళ్ళు. మాడుగులలో వాళ్ళది హల్వా దుకాణం. తండ్రి బండిని తనే విప్పి బిగించుకుంది. మూడు వారాలు మా ఇంటికి వచ్చి, ఏ మలుపులో ఎన్ని సెకన్లు పోతున్నాయో నా దగ్గర కాగితం రాయించుకుంది. పోలీసులు రోడ్డు వదిలిన ఒకే ఒక్క పొద్దున్న సాధన చేస్తే రెండు నలభై రెండు వచ్చింది. అంతకంటే తగ్గలేదు.

చిక్కంతా కాటా మలుపులోనే. బెల్లం దిమ్మలు దించే చోటు అది. బళ్ళలోంచి కారిన బెల్లం రోడ్డు మీద పేరుకుని, నల్లగా ఇంత వెడల్పున మరక ఉంటుంది. దాని మీదికి చక్రం ఎక్కిస్తే జారిపడతారని ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు. పొద్దున్నే మంచులో ఎక్కినవాళ్ళు పడ్డారు, ఎండలో ఎక్కినవాళ్ళూ పడ్డారు. అందుకని అందరూ వేగం తగ్గించి, మరకను చుట్టి వెళతారు. గౌరి కూడా అంతే.

పందెం రోజున టైము చూడ్డానికి ముగ్గురం కూర్చున్నాం. నేను, సన్యాసిరావు, బందోబస్తుకి వచ్చిన ఒక హెడ్ కానిస్టేబులు. ముగ్గురం ఒకరి గడియారం ఒకరు చూడకూడదని నేనే షరతు పెట్టాను. గౌరిది చివరి వంతు. మొదటి చుట్టు రెండు నలభై రెండు. రెండోది రెండు నలభై ఒకటిన్నర.

మూడో చుట్టు మొదలైనప్పుడు తొమ్మిదీ ఇరవై.

బండి రైలుకట్ట వైపు నుంచి ఎప్పుడు రావాలో నా చెవికి తెలుసు. అనుకున్నదానికంటే ముందే చప్పుడు వినిపించింది. గడియారం నొక్కాను. ముగ్గురం కాగితాల మీద రాసి బల్ల మీద పెట్టాం. నాది రెండు ముప్పై ఏడు. కానిస్టేబులుది రెండు ముప్పై ఏడు. సన్యాసిరావుది రెండు ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.

సన్యాసిరావు తన కాగితం తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంతలో గౌరి హెల్మెట్ తీసి పరిగెత్తుకొచ్చింది.

"మామ్మగారూ, కాటా కాడ ఆయనెవరండీ? ముందే సెప్పొచ్చు కదా, మొదటి సుట్టులోనే తీసేద్దును!"

"ఎవరు?" అన్నాను.

"పంచి ఎగ్గట్టుకుని, ఎర్ర తువ్వాలు ఏసుకున్నాయన. మరక పక్కనే నిలబడ్డాడు. ముందు రెండు సుట్లూ లేడు. ఎడం సేతి బొటనేలూ సూపుడేలూ ఇలా రాసి, ఇలా లాగి సూపించేడు. నాకర్థమైపోయింది. తీగపాకం! అంటే మరక జారదు, పట్టుకుంటాది. ఏకంగా దాని మీంచే కొట్టేసేను."

హల్వా చేసే ఇంటి పిల్ల కనుక ఆ సైగ ఆమెకు తెలిసింది. పాకాన్ని వేళ్ళ మధ్య రాసి లాగితే తీగ సాగాలి. మా నాన్నకు మునగపాక దగ్గర చెరకు గానుగ ఉండేది. బెల్లం కాచే పెనం దగ్గర మేమందరం అలాగే చూసేవాళ్ళం.

అందరూ కుడిచేత్తోనే చూసేవారు. నూకరాజు ఒక్కడే ఎడమచేత్తో చూసేవాడు. పన్నెండో ఏట వాడి కుడి బొటనవేలు గానుగలో నలిగి పోయింది. ఆ సంగతి గౌరికి నేను చెప్పలేదు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటోలో వాడు ప్యాంటూ చొక్కాతో, చేతి తొడుగులతో బండి మీద ఉంటాడు. పంచె, ఎర్ర తువ్వాలు గానుగ దగ్గర వాడి వేషం.

నేరుగా కాటా దగ్గరికి నడిచాను. సన్యాసిరావు నా వెనకే వచ్చాడు. వంగి మరకను తాకాను. మంచు ఆరిపోయింది, ఎండ ఇంకా ఎక్కలేదు. వేలు తీస్తే తీగ సాగింది. సన్యాసిరావు చెప్పు దాని మీద పెట్టి ఎత్తబోతే చెప్పు అక్కడే ఉండిపోయి కాలు బయటికి వచ్చింది.

"ఓరి బావా నూకరాజూ!" అన్నాడు ఒంటికాలి మీద నిలబడి. "ఇదా నీ గుట్టు! నలభై రెండేళ్ళూ దీన్ని సుట్టి సుట్టి పోయేమురా ఎర్రిబాగులోళ్ళం!"

తరువాత అతనే మైకు తీసుకున్నాడు. "ఈ అప్ప గడియారాన్ని నానే ఎగతాళి సేసేను. తప్పు గడియారానిది కాదు, నాది. రికార్డు నూకరాజుది. ఇయ్యాల దాన్ని అందుకున్నది ఈ గౌరమ్మ" అన్నాడు. మార్కెట్ కూలీలు ఈలలు వేశారు. గౌరిని భుజాల మీద ఎత్తుకున్నారు. నన్నూ ఎత్తుతామన్నారు. మోకాళ్ళ సంగతి చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ రోజు నా అంత ఎత్తున ఇంకెవరూ లేరు.

మర్నాటి నుంచి విచారణ మొదలుపెట్టాను. కాటా మలుపులో ఇద్దరు వాలంటీర్లు ఉన్నారు. వాళ్ళు గడ్డిమోపుల వెనక, మరకకు పదిహేను అడుగుల దూరంలో ఉన్నారు. ఇద్దరూ పచ్చ జాకెట్లు వేసుకున్నారు. పంచె కట్టినవాళ్ళు ఎవరూ జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి రాలేదన్నారు. విడివిడిగా అడిగాను, ఇద్దరూ అదే చెప్పారు.

ఎదుటి మేడ మీద నుంచి ఒక పప్పుల వ్యాపారి ఫోనులో వీడియో తీశాడు. అది పదకొండుసార్లు చూశాను. గౌరి బండి వస్తుంది. మలుపుకు ముందు ఆమె తల ఎడమవైపు తిరుగుతుంది. ఎవరో చెప్పింది అర్థమైనట్టు ఒకసారి ఊపుతుంది. వెంటనే బండి మరక మీదికి వెళుతుంది. ఆమె తల తిప్పిన చోట రోడ్డు తప్ప ఏమీ లేదు. నీడ కూడా లేదు.

గౌరి కల్పించిందా అని కూడా ఆలోచించాను. మరక పట్టుకుంటుందని ముందే తెలిస్తే మొదటి చుట్టులోనే వెళ్ళేది. ఎడమచెయ్యి సంగతి తెలిసిన మనిషి ఈ ఊళ్ళో నేను తప్ప మిగిలింది సన్యాసిరావు. అతను నా పక్కన కుర్చీలో ఉన్నాడు. నాలుగు సెకన్లు ఎలా తగ్గాయో ఇప్పుడు ఎవరికైనా లెక్క కట్టి చూపించగలను. అక్కడ నిలబడింది ఎవరో మాత్రం చూపించలేను. తెలియదనే రాస్తున్నాను.

రాయి నిలబెట్టారు. ఒకే టైము కింద రెండు పేర్లు. గౌరి అప్పుడప్పుడు హల్వా పట్టుకుని వస్తుంది. ఆమెకు ఒకటే దిగులు.

"అంత మేలు సేసేడు కదా మామ్మగారూ, నాను ఆగి దణ్ణమైనా పెట్టలేదు. తల ఊపేసి ఎలిపోయేను. ఏటనుకున్నాడో ఏటో."