బుడగలు పట్టే కోడలు

వీధిలో అందరూ ఆమెను బుడగలమ్మ అనేవారు. ఊరి చివర వేడినీటి ఊట ఉంది. నేల లోతుల్లోంచి ఉబికే ఆ నీటితో పాటు రకరకాల వాయువులు బుడబుడమంటూ పైకి వస్తాయి. వాటిని సీసాలో పట్టి, భూకంపాలను పరిశీలించే ప్రయోగశాలకు చేర్చడం ఆమె ఉద్యోగం. నీళ్లలో గరాటు బోర్లించి, దాని మీద నీళ్లు నింపిన సీసా తలకిందులుగా పట్టుకుంటే, బుడగలు ఒక్కొక్కటే సీసాలోకి ఎక్కి నీటిని కిందికి నెట్టేస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఎవరో కితకితలు పెట్టినట్టే ఉండేది.

"గాలి పట్టుకొస్తే జీతమా! ఇచ్చేవాళ్లకి పనిలేదు, నీకు బుద్ధిలేదు," అనేది అత్తగారు.

"గాలి కాదత్తయ్యా, భూమి ఊపిరి."

"దానికేమైనా జలుబు చేసిందా, రోజూ వెళ్లి చూసొస్తావు?"

ఒక ఉదయం ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతుండగా ఇల్లు ఊగింది. గిన్నెలు గలగలమన్నాయి. దుప్పటి వదలకుండానే ఇద్దరూ వీధిలో పడ్డారు. క్షణంలో అంతా సద్దుమణిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎదురింటాయన మాత్రం ముఖమంతా సబ్బు నురగతో, చేతిలో గడ్డం కత్తికి బదులు దువ్వెనతో కొయ్యబారి నిలబడ్డాడు. బుడగలమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికే?"

"ఊట దగ్గరికి. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాను?"

"నన్ను ఈ ఊగే కొంపలో వదిలేసా? పద, నేనూ వస్తున్నా!"

ఊటను చూడగానే బుడగలమ్మకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఎప్పుడూ తీరుబడిగా వచ్చే బుడగలు గుంపులు గుంపులుగా ఎగబడుతున్నాయి. సీసా ఇలా పెడితే అలా నిండిపోతోంది. "అత్తయ్యా, గరాటు పట్టుకోండి!" అంది. ఆవిడ చీర ఎగదోపి గట్టు మీద వంగింది. అంతలో నేల మళ్లీ చిన్నగా కుదిపింది. అత్తగారు ధబ్బున వెచ్చటి నీళ్లలో కూర్చుండిపోయింది.

"వదలకండత్తయ్యా!"

"పడింది నేనే, గరాటు కాదు! నీ సీసా చూసుకో ముందు!"

ఇద్దరికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. కడుపు పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

తడి చీరతోనే అత్తగారు ప్రయోగశాలకూ వచ్చింది. అక్కడి మేడమ్ సీసాను యంత్రానికి తగిలించి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "హీలియం బాగా పెరిగింది! బాగా లోతునుంచి వచ్చినట్టుంది. అదురుకి రాళ్లలో కొత్త పగుళ్లు తెరుచుకుని ఉంటాయి."

"అసలు ఎందుకదిరింది?" అంది అత్తగారు.

"వేడి గ్లాసు తడి వంటింటి గట్టు మీద బోర్లిస్తే దానంతటదే జారుతుంది కదండీ? లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి దాన్ని కాస్త పైకెత్తుతుంది. లోతుల్లో కూడా రాళ్ల మధ్య చిక్కుకున్న నీళ్లూ వాయువులూ అలాగే ఒత్తుతాయి. బిగుసుకున్న రాళ్లకి పట్టు సడలితే జారొచ్చు. ఈసారి అదే జరిగిందో లేదో ఇంకా చూడాలి."

"అయితే ఇకమీదట బుడగలు చూసి ముందే చెప్పేస్తారా?"

"అది మాకింకా చేతకాదండీ. ఒకోసారి పెరుగుతాయి, ఏమీ జరగదు. ఒకోసారి కిక్కురుమనవు, ఇల్లు ఊగుతుంది."

"అచ్చం మా ఆయన కోపంలాగే," అంది అత్తగారు. మేడమ్ పక్కున నవ్వింది. బుడగలమ్మ కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది.

మర్నాడు బుడగలమ్మ కళ్లు తెరిచేసరికి అత్తగారు పాత చీర కట్టుకుని, గరాటు చంకలో పెట్టుకుని గుమ్మంలో తయారుగా ఉంది.

"ఇంకా ముసుగు తియ్యలేదా అమ్మాయ్? పనికి ఆలస్యమవుతోంది!"