ఫొటోలో కుడివైపు అమ్మాయి

కిందటి నెల అది తన పేజీలో ఒక పాత ఫొటో పెట్టింది. ఫొటోలో అదొక్కత్తే ఉంది. పసుపు చుడీదారు, రెండు జడలు, హౌరా పక్కన లిలువాలో దుర్గాపూజ పందిరి ముందు నిలబడి నవ్వుతోంది. దాని భుజం మీద మాత్రం ఒక చెయ్యి ఉంది, మణికట్టు దాకా. ఆ చెయ్యి నాది. మిగతా నన్ను కోసేసింది.

దాన్ని 'ఆమె' అనడం నాకు చేతకాదు. లిలువా రైల్వే కాలనీలో మా క్వార్టరుకీ వాళ్ల క్వార్టరుకీ మధ్య గోడ ఒక్కటే. మా నాన్నా, వాళ్ల నాన్నా ఒకే వర్క్‌షాపులో పనిచేసేవారు, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే. బడిలో మాదొకటే బెంచీ. టీచర్లు దాన్ని పేరు పెట్టి పిలిచేవారు, నన్ను దాని పక్కన కూర్చునే పిల్ల అనేవారు. నా కడుపుమంట అక్కణ్నుంచే మొదలైంది, ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

మేం కాలేజీలో చేరిన రోజుల్లో ఆ సైటు వచ్చింది. పేరు చెప్పను. అప్పుడు వయసులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తర్వాత పుట్టినవాళ్లకి చెప్పినా తెలియదు. అందులో మనకో పేజీ ఉండేది. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ వచ్చి దాని మీద నాలుగు ముక్కలు రాసి పోయేవారు. వాటిని స్క్రాప్‌లు అనేవాళ్లం. ఎవరి పేజీకి ఎన్ని స్క్రాప్‌లు వస్తే మా కాలేజీలో వాళ్లకి అంత పరువు.

మా ఇళ్లలో కంప్యూటర్లు లేవు. స్టేషను దగ్గర ఒక సైబర్ కెఫే ఉండేది. అక్కడికి వెళ్లాలంటే మా అమ్మలిద్దరిదీ ఒకటే షరతు.

"ఎల్తే ఇద్దరూ ఎల్లండి, నేకపోతే ఇద్దరూ మానీండి."

ఎలాగూ కలిసే వెళ్తాం, ఒకే కంప్యూటర్ ముందు ఇరుక్కుని కూర్చుంటాం కాబట్టి అకౌంటు కూడా ఒకటే తెరిచాం. ఇప్పుడు ఎవరికైనా చెప్తే నవ్వుతారు గానీ అప్పుడు మాకది వింతగా తోచలేదు. మా రెండిళ్లకీ కొళాయి ఒకటే, పేపరు ఒకటే, ఇదీ అంతే. ఇద్దరి పేర్లలోంచీ చెరో ముక్క తీసి ఒక పేరు అతికించాం. పూజకి వాళ్లన్నయ్య తీసిన ఫొటో పెట్టాం. ఎడమవైపు అది, కుడివైపు దాని భుజం మీద చెయ్యేసి నేను. పాస్‌వర్డులో మొదటి సగం దానిది, రెండో సగం నాది. అది కొట్టేటప్పుడు నేను గోడ మీదున్న క్యాలెండరు చూడాలి, నేను కొట్టేటప్పుడు అది చూడాలి. ఒకరు లేకుండా ఇంకొకరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఆలోచన నాదే. నేను దాన్ని నమ్మలేదని వేరే చెప్పాలా?

స్క్రాప్‌లు కుప్పలుగా వచ్చాయి. హౌరా నుంచి, ఖరగ్‌పూర్ నుంచి, ఎక్కడో విశాఖపట్నం నుంచి కూడా. బెంగాల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ల గుంపు ఒకటి అందులో ఉండేది. మాలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట్లాడుకునేవాళ్లం. ఆ గుంపులోవాళ్లంతా మా పేజీకి వచ్చేవారు. వచ్చి, ఎడమవైపు అమ్మాయిది ఏ కాలేజీ అని అడిగేవారు. పసుపు డ్రెస్సు బాగుందనేవారు. ఒకడైతే ఏకంగా బెంగాలీలో కవిత్వం రాశాడు. దాని పక్కనే ఒరుసుకుని కూర్చుని నేను ఇవన్నీ చదవాలి, చదివి నవ్వాలి. కుడివైపు అమ్మాయి గురించి ఒక్క ముక్క ఉంటుందేమోనని పేజీని అట్టడుగుదాకా జరిపేదాన్ని. ఉండేది కాదు.

"నీ కళ్లు మూసుకుపోయాయి కదే ఫొటోలో, అందుకే" అని అది ఓదార్చేది. ఆ ఓదార్పుకి నాకు ఇంకా మండేది.

ఆ అకౌంటు తెరిచిన వారంలోనే అది పక్కనున్న బేలూరులో కంప్యూటర్ క్లాసులో చేరింది. మా నాన్న నన్ను పంపలేదు. అది రోజూ ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే, నేను శనివారం ఎప్పుడొస్తుందా అని కూర్చునేదాన్ని. శనివారం ఇద్దరం వెళ్లి తెరిచేవాళ్లం. మళ్లీ అన్నీ దానికే.

కొన్నాళ్లకి అది సొంతంగా ఇంకో అకౌంటు తెరుచుకుంది. ఎడమవైపు అమ్మాయి కోసం వచ్చినవాళ్లంతా దాని వెంటే పోయారు. మంకుపట్టుతో నేనూ ఒకటి తెరిచాను. నా పేజీకి మా పిన్ని కొడుకు వచ్చాడు. మేం దాదా అని పిలిచే సైబర్ కెఫే ఓనరు వచ్చాడు, అదీ మొహమాటానికి. ఎవరో పెద్దాయన రోజూ పొద్దున్నే ఒక గులాబీ పువ్వు పెట్టి పోయేవాడు. ఆయన అందరికీ అలాగే పెడతాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత జనం ఇప్పటి నీలం సైటుకి మారిపోవడం మొదలుపెట్టారు. ముందుగా మారినవాళ్లలో అదీ ఉంది. మా గుంపులో మాటలు పలచబడ్డాయి. బరువు తగ్గించే మందుల ప్రకటనలు తప్ప ఇంకేమీ రాని రోజులొచ్చాయి. పూజ అయిపోయాక గుడ్డలు విప్పేసిన పందిరిలో తిరుగుతున్నట్టుండేది. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, అది లేని చోట నాకు హాయిగా ఉండేది.

చివరికి సైటు మూసేస్తున్నామన్నారు. ఎవరి ఫొటోలూ రాతలూ వాళ్లు దించుకోమన్నారు. నాకు లోపల సంతోషమే వేసింది. దాని స్క్రాప్‌ల కుప్పంతా మట్టిలో కలిసిపోతుంది కదా. అయినా మా ఉమ్మడి పేజీని ఒక్కసారి చూడాలనిపించింది. మేం వదిలేశాక ఎవరైనా వచ్చారేమో, వచ్చి కుడివైపు చూశారేమో. దానికి ఫోన్ చేశాను. అప్పటికే కలకత్తా సాల్ట్‌లేక్‌లో దానికి మంచి ఉద్యోగం.

"నీ సగం చెప్పవే, నేను తెరుస్తాను."

"ఫోన్లో ఎలా చెప్పీమంటావు? ఒట్టు కదేటి? ఆదివారం వస్తాను, కలిసి తెరుద్దాం."

వస్తానన్నది రాలేదు. నేను మళ్లీ మళ్లీ అడిగినా ఏదో ఒక వంక చెప్పింది. ఈలోగా సైటు మూతపడింది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడీ కోసేసిన ఫొటో. ఒళ్లు మండిపోయి, ఆ కోపం చల్లారకముందే లోకల్ రైలు ఎక్కి, హౌరాలో దిగి, బస్సు పట్టుకుని న్యూటౌన్‌లో దాని ఫ్లాటుకి వెళ్లాను. తలుపు తీసి నా వాలకం చూసింది.

"ఏటే, చెప్పాపెట్టకుండా వచ్చీసావు?"

ఫోన్ దాని మొహం ముందు పెట్టాను. "ఇదేటి?"

"ఏటుంది? పాత ఫొటో."

"నా చెయ్యి ఉంచీసి నన్ను కోసీసావు."

"నువ్వు కళ్లు మూసీసుకున్నావు కదే. బాగోదని తీసీసాను. దీనికోసం ఇంత దూరం వచ్చావేటి?"

అని వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో మరమరాలు పోసి, ఆవనూనె, ఉల్లిపాయలు వేసి కలపడం మొదలుపెట్టింది. నేను వెనకాలే వెళ్లాను.

"అప్పుడూ నన్నెవరూ చూళ్లేదు. ఇప్పుడు కూడా చూడకూడదా?" అన్నాను. నలభై దగ్గర పడుతున్న మనిషిని, ఇలాంటి దానికి దెబ్బలాటకి దిగాను.

అది కలపడం ఆపింది.

"ఎవరూ చూళ్లేదని నీకెవరు చెప్పారు?"

నాకు అర్థం కాలేదు.

"నీ సగం పాస్‌వర్డు నాకు మొదటి రోజే తెలుసు. ఒక్కో అక్షరం గొణుక్కుంటూ కొట్టీదానివి. క్యాలెండరు చూస్తే చెవులు మూసుకుపోతాయేటి? బేలూరు క్లాసులో రోజూ తెరిచీదాన్ని. నీకొచ్చినవి తీసీసేదాన్ని. శనివారానికి నావే మిగిలేవి."

"నాకొచ్చేవా?"

"వచ్చేవి."

"ఎందుకు తీసీసావు?"

"ఎందుకేటి, ఒళ్లు మండేది. కొత్త బట్టలు కట్టుకుని, రెండు జడలేసుకుని నిలబడింది నేను. నవ్వితే కళ్లు మూసుకుపోయే ఆ పిల్లెవరని నీ గురించి అడుగుతారేటి?"

అందుకేనన్నమాట ఆ ఆదివారం రాలేదు. వస్తే, మేం వదిలేశాక ఏం వచ్చి పడ్డాయో నేను చూసేస్తాను కదా.

"ఇంకేం రాశారు?" అన్నాను.

"గుర్తు లేదే. ఎప్పటి మాటలు అవి."

"ఒక్కటైనా చెప్పవే."

"నిజంగా గుర్తు లేదే" అంది. చెయ్యి పట్టుకుని అడిగాను. తల అడ్డంగా ఊపింది. దాని కళ్లలో నీళ్లు చూస్తే అబద్ధమనిపించలేదు. మరమరాలు అలాగే మెత్తబడిపోయాయి.

తిరుగు లోకల్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. నేను దాన్ని చూసి కుళ్లుకున్నన్నాళ్లూ అది నన్ను చూసి కుళ్లుకుంది. ఈ మాట తెలిసినందుకు నేను గాల్లో తేలిపోవాలి. లిలువా వచ్చేదాకా అందుకోసం ప్రయత్నించాను, కుదరలేదు. నా గురించి ఎవరెవరో రాసినవన్నీ అది ఒక్కోటీ చదివింది, చదివాకే తీసేసింది. నేను ఒక్కటి కూడా చదవలేదు, ఇక చదవలేను. నాకొచ్చిన మెప్పు కూడా దానికే దక్కింది.