చెరువుల మధ్య చేను

మా ఊళ్ళో నన్ను అందరూ ఒకందుకు ఎరుగుదురు. చుట్టూ అందరూ చేలు తవ్వించి రొయ్యల చెరువులు చేసుకున్నా, మా ఎకరన్నరలో మాత్రం ఇంకా వరే పండుతోంది. పండుతోంది అనడం కూడా పెద్ద మాటే. చెరువుల్లోంచి ఉప్పు ఊట దిగి, గట్టు పక్కనున్న నాట్లు ఏటా మాడిపోతాయి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా ఆయన చేను రొయ్యల చెరువుకి లీజుకి ఇచ్చేయమంటారు, నేను కుదరదంటాను.

నా మొండితనానికి కారణం మా నాయకుడు. ఇంకా పదవి రాని రోజుల్లో మా ఊరొచ్చి, ప్యాంటు మడుచుకుని మా చేను గట్టు మీదే నిలబడ్డారు. "ఇది అన్నం పెట్టే నేలండి. ఒక్కసారి ఉప్పునీళ్ళు పెడితే మీ మనవలక్కూడా గింజ రాలదు. మీరు మాత్రం ఇవ్వకండమ్మా" అన్నారు. అంతమంది మగవాళ్ళుండగా నాకేసి చూసి అన్నారు. ఆ సంబరంతో నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఓటు వేశాను, తెలిసినవాళ్ళందరిచేతా వేయించాను. ఆయన్ని ఏదో అన్నదని మా తోడికోడలితో చాన్నాళ్ళు మాట్లాడటం మానేశాను.

మొన్న రొయ్యల మేత గోదాము ప్రారంభానికి మళ్ళీ వచ్చారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. అదే గొంతు, అదే నవ్వు. ఈ చెరువులే మన బంగారమన్నారు. కొందరింకా వరి పట్టుకుని వేలాడుతున్నారనీ, వాళ్ళ వల్ల పక్కవాళ్ళ చెరువులకి ఉప్పునీటి కాలవలు రావడంలేదనీ, ఇలాగైతే ఊరు బాగుపడదనీ అన్నారు. కొట్లో దొరికే బియ్యానికి ఇంత పంతం దేనికండీ అనేసరికి జనం గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

పక్కనున్న తోడికోడలు మోచేత్తో పొడిచింది. "నవ్వుతారేంటక్కా, ఆయనన్నది మిమ్మల్నే కదండీ" అంది.

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కోపం రావాలి కదా, రాలేదు. అప్పుడు తెలియక అన్నారా, ఇప్పుడు తెలిసీ అంటున్నారా? పైగా ఇప్పటి మాటలూ సబబుగానే ఉన్నట్టున్నాయి, అదే నా బాధ. వేదిక దిగి వెళ్తూ అందరికీ పెట్టినట్టే నాకూ దణ్ణం పెట్టి బాగున్నారా అన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. పట్టకపోవడమే మంచిదైందనిపించింది, ఎందుకో తెలియదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని తోడికోడలు దారి పొడుగునా దెప్పుతూనే ఉంది. ఈసారి నేను పోట్లాడలేదు.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే జరిగిందంతా చెప్పాను. ఎగతాళి చేస్తారనుకున్నాను, చేయలేదు. మరి చేను ఇచ్చేద్దామా అని నెమ్మదిగా అడిగారు. ఇస్తే ఇవాళ మా నాయకుడన్న మాట విన్నట్టు. ఇవ్వకపోతే ఆనాడు ఆయనన్న మాట విన్నట్టు. ఆ మాటే చెప్పాను.

"ఆయన గొడవ మనకెందుకే. రోజూ చేలోకి దిగేది నువ్వు. నీకేమనిపిస్తుందో చెప్పు" అన్నారు.

చెబుదామనే నోరు తెరిచాను. అన్నం పెట్టే నేల అనబోయాను, అది ఆయన మాట. పంతం దేనికిలే అనబోయాను, అదీ ఆయన మాటే. ఇన్నేళ్ళూ ఆ చేను మీద నాకంటూ ఒక ఆలోచన ఉందో లేదో ఎంత వెతికినా దొరకలేదు. లైను కట్టయిందనుకుని మా ఆయన అవతల "అలో, అలో, ఉన్నావా" అంటున్నారు.